పెళ్ళి మూడు రోజులకు తెల్ల వెంట్రుకలు కనిపించకుండా ఉండాలంటే: డై పడని తలకు తాత్కాలిక రంగు

మీరు అడిగింది ఇది: తమ్ముడి పెళ్ళి మండువేసవిలో, వరుసగా మూడు రోజుల కార్యక్రమాలు. రెండేళ్ళ కిందట దుకాణంలో కొన్న డై వేసుకుంటే మరునాటికి కళ్ళ చుట్టూ వాచింది, తలంతా దురద పుట్టింది. ఇక డై జోలికి వెళ్ళవద్దని చర్మవైద్యురాలు చెప్పారు. కణతల దగ్గర, పాపిట వెంట తెల్ల వెంట్రుకలు ఫొటోల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయని మీ బాధ. తలస్నానంతో పోయే రంగు ఏదైనా ఇంట్లోనే వేసుకోవచ్చా, చెమటకు కారి పట్టుచీర పాడవుతుందా అని అడిగారు. చివర్లో నాన్నగారి మీసం సంగతి కూడా కలిపారు.

వేసుకోవచ్చు. పట్టుచీరకు మరక పడకుండానే వేసుకోవచ్చు. నేను చాలా ఏళ్ళు బ్యూటీ పార్లర్ నడిపాను, పెళ్ళిళ్ళ అలంకరణే నా ప్రధాన పని. పెళ్ళికూతురి కన్నా ఆమె అక్కలకు, పిన్నులకు, మేనత్తలకు ఎక్కువ సమయం పట్టేది. వాళ్ళలో సగం మందికి ఈ తెల్ల వెంట్రుకల గొడవే. డై పడనివాళ్ళు మీరనుకునేకంటే చాలా ఎక్కువమంది ఉన్నారు. వాళ్ళకు ఏం చేసేదాన్నో అదే మీకూ చెబుతాను.

ముందు పెట్టె సంగతి తేల్చుకుందాం. మీ విషయంలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం, తాత్కాలికం అనుకుని కొని తెచ్చుకున్నది తీరా చూస్తే మళ్ళీ ఆ పాత డైయే కావడం. మన దుకాణాల్లో షాంపూ హెయిర్ కలర్ అని ఒకటి దొరుకుతుంది. తలకు రుద్దుకుని కొన్ని నిమిషాలు ఉంచి కడిగేయడమే. పేరులో షాంపూ ఉంది కదా, నాలుగు స్నానాలకు పోతుందిలే అనుకుంటారు. పోదు. అది నూటికి నూరుపాళ్ళు శాశ్వత డై. వేసుకునే తీరు మాత్రమే సులువు చేశారు. అలాగే ‘అమోనియా లేదు’ అని పెద్ద అక్షరాలతో రాసినంత మాత్రాన అది మీకు పడుతుందని కాదు. అమోనియా బదులు వాసన రాని మరో క్షారం వేస్తారు, అంతే. మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన పదార్థం బహుశా అమోనియా కాదు, దాని పక్కనే ఉన్న పీపీడీ.

పీపీడీ అంటే పారా-ఫినైలీన్‌డయమైన్. వందేళ్ళకు పైగా ప్రపంచమంతా జుట్టును నల్లబరుస్తున్నది ఇదీ దీని బంధువులే. ఇది చాలా చిన్న అణువు, దానంతట దానికి రంగు లేదు. హైడ్రోజన్ పెరాక్సైడుతో కలిసి వెంట్రుక లోపలి పొరలోకి దూరి, అక్కడ ఒకదానితో ఒకటి కలిసి పెద్ద రంగు అణువులుగా మారుతుంది. ఆ పెద్దవి ఇక బయటికి రాలేవు, అందుకే రంగు కడిగినా పోదు. చిక్కు ఏమిటంటే, అలా మారేలోపు కొంత తలచర్మంలోకీ దిగుతుంది. కొందరి శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి గుర్తుపెట్టుకున్నాక మళ్ళీ తగిలినప్పుడల్లా వాపు ముందుకన్నా తొందరగా, ముందుకన్నా తీవ్రంగా రావచ్చు. అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2006లో పీపీడీని ఆ ఏటి అలెర్జీ కారకంగా ప్రకటించింది. ఐరోపా సమాఖ్యలో తలకు పట్టించే మిశ్రమంలో అది 2 శాతం దాటకూడదు. కాబట్టి ‘పోయినసారి వేరే కంపెనీది వాడాను, ఈసారి మంచిది తెస్తాను’ అనే ఆలోచన ఉంటే పూర్తిగా వదిలేయండి. కంపెనీ మారినా లోపలి పదార్థం మారదు.

నల్ల మెహందీ, హెర్బల్ మెహందీ పేర్లతో వచ్చే పొడుల విషయంలో ఇంకా జాగ్రత్త. గోరింటాకులో రంగునిచ్చే పదార్థం లాసోన్. అది తెల్ల వెంట్రుకకు నారింజ, ఎరుపు కలిసిన రంగునిస్తుంది, ఎంతసేపు ఉంచినా నలుపు ఇవ్వదు. అరగంటలో జుట్టును నిగనిగలాడే నలుపు చేసే ‘గోరింటాకు పొడి’ ఉందంటే అందులో మరేదో కలిసింది, చాలాసార్లు అది పీపీడీయే. పనిలో పనిగా ఇదీ చెబుతున్నాను: పెళ్ళిలో చేతులకు పెట్టే కోన్‌లు కూడా చూసుకోండి. పెట్టిన కాసేపటికే నల్లగా పండుతుందని చెప్పే కోన్ మీ చేతులకు తగలనివ్వకండి. అసలైన గోరింటాకు మొదట నారింజగా ఉండి, మరునాటికి ముదురుతుంది. తలకు జాగ్రత్త పడి, చేతులకు అదే పదార్థం పెట్టించుకుని బొబ్బలతో పెళ్ళి పందిట్లో నిలబడినవాళ్ళను చూశాను.

మరి పెట్టె చూసి ఎలా పోల్చుకోవాలి? లోపల రెండు ట్యూబులో రెండు సీసాలో ఉండి, కలిపి వేసుకోమంటే అది తాత్కాలికం కాదు. నీళ్ళలో కలిపిన పొడి గిన్నెలో ఉండగానే గాలికి నల్లబడుతుంటే అదీ కాదు. మన దేశపు నిబంధనల ప్రకారం పీపీడీ వంటివి ఉన్న డై మీద ఒక హెచ్చరిక తప్పనిసరి: ముందు చర్మం మీద పరీక్షించి చూడాలని, కనుబొమలకు, కనురెప్పల వెంట్రుకలకు వాడితే చూపు పోవచ్చని. ఆ హెచ్చరిక కనిపిస్తే పెట్టె తిరిగి అరలో పెట్టేయండి. పదార్థాల జాబితాలో ఫినైలీన్‌డయమైన్, టోలూన్-డయమైన్, అమైనోఫినాల్, రిసార్సినాల్ అనే పేర్లలో ఏది ఉన్నా అంతే. తాత్కాలిక రంగుల జాబితాలో మీకు కనిపించవలసినవి ఐరన్ ఆక్సైడ్లు, కార్బన్ బ్లాక్, మైకా, మైనాలు. ఐరన్ ఆక్సైడ్లను చాలా పెట్టెల మీద సీఐ 77491, 77492, 77499 అనే అంకెలతో సూచిస్తారు. వరుసగా ఎరుపు, పసుపు, నలుపు. కార్బన్ బ్లాక్ అంకె 77266. అక్షరాలు చిన్నవిగా ఉంటే దుకాణంలోనే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి, మొహమాటపడకండి.

ఈ అంకెలు మీ కాటుక పుల్ల మీద, కంటి మస్కారా మీద కూడా కనిపిస్తాయి. తాత్కాలిక రంగు గురించి అర్థం చేసుకోవలసింది ఇదొక్కటే: అది డై కుటుంబానిది కాదు, మేకప్ కుటుంబానిది. రంగు రేణువులు వెంట్రుక పైపొరను దాటి లోపలికి వెళ్ళలేనంత పెద్దవి. మైనమో, ఆరితే పొరలా గట్టిపడే పాలిమరో వాటిని వెంట్రుకకు అంటించి ఉంచుతుంది. షాంపూ తగిలితే ఆ పట్టు వదులుతుంది. దీన్ని డైలా అనుకుని వాడేవాళ్ళే నిరాశపడతారు. తలంతా పట్టిస్తారు, నూనె మీద వేస్తారు, వేసుకుని పడుకుంటారు, తర్వాత పనికిరాలేదంటారు. మేకప్ అనుకుని వాడితే బాగా పనిచేస్తుంది. అవసరమైన చోట మాత్రమే, పలుచగా, చివరగా వేసుకుని రాత్రికి తీసేయాలి.

పీపీడీ లేకపోయినా మీరు పరీక్ష మాత్రం మానకండి. సువాసన కోసం, నిల్వ కోసం వేసేవి కూడా కొందరికి పడవు. మోచేతి లోపలి మడతలో రూపాయి బిళ్ళంత మేర రాసి, ఆరనిచ్చి, 2 రోజులు గమనించండి. ఎర్రబడినా, దురద వచ్చినా అది మీకు కాదు. పెళ్ళికి కనీసం రెండు వారాల ముందు ఈ పని పూర్తవ్వాలి, పడకపోతే మరొకటి వెతకడానికి వ్యవధి ఉండాలి కదా. మీ డాక్టరు పీపీడీకి ప్యాచ్ పరీక్ష చేయలేదంటే, తీరిక దొరికినప్పుడు చేయించుకోవడం మేలు. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి 2 రోజుల తర్వాత తీసి చూస్తారు, మరో రెండు రోజులకు మళ్ళీ చూస్తారు. మీకు పడనిది కచ్చితంగా ఏదో తెలిస్తే జీవితాంతం పనికొస్తుంది. ఇంట్లో ఎవరిదైనా డై పొరపాటున తగిలి ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, నాలుగు సలహాలు వింటూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక ఎంత మేర వేసుకోవాలో చూద్దాం. అద్దం ముందు చేయి చాచినంత దూరంలో నిలబడి, పెళ్ళికి వేసుకోబోయే జడ వేసుకుని చూడండి. ఆ దూరం నుంచి కనిపించే తెల్లదనమే మీరు కప్పవలసింది. చాలామందికి అది మూడు చోట్లే: కణతలు, నుదుటి అంచు, పాపిటకు అటూ ఇటూ ఒక వేలి వెడల్పు. చెవి వెనకవి, జడలో కలిసిపోయినవి, మెడ మీదివి వదిలేయండి. అక్కడ వేసిన రంగే జాకెట్టు వీపుకు అంటుకుంటుంది. నుదుటి దగ్గర ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు మిగిలినా ఫరవాలేదు, సహజంగా కనిపిస్తుంది. అన్నిటినీ కప్పాలన్న పట్టుదలతోనే తల విగ్గులా తయారవుతుంది.

రంగు ఎంపికలో అందరూ నలుపు దగ్గరికే వెళ్తారు. వద్దు. మన జుట్టు నల్లనిదని మనం అనుకుంటాం గానీ, ఎండలో చూస్తే ముదురు గోధుమ ఛాయే ఎక్కువ. పైగా ఈ తాత్కాలిక రంగులకు మెరుపు ఉండదు. మెరుపు లేని కటిక నలుపు నుదుటి అంచున పడితే మసి పూసినట్టుంటుంది, పెళ్ళి ఫొటోగ్రాఫర్ లైటులో మరీను. ముదురు గోధుమ రంగు తీసుకోండి. మీ జుట్టు నిజంగానే బాగా నల్లగా ఉంటే గోధుమ కలిసిన నలుపు. మొదటి పూతకు చాలదనిపిస్తే ఆరాక రెండో పూత వేయవచ్చు. ఎక్కువైన నలుపును తగ్గించాలంటే కడగడమే గతి.

దుకాణంలో రకరకాలవి ఉంటాయి. మీకు కావలసినవి రెండే: కణతలకు, నుదుటి అంచుకు హెయిర్ మస్కారా, పాపిటకు స్పాంజితో అద్దే పౌడరు కాంపాక్ట్. మస్కారా ఆరాక వెంట్రుకను పట్టుకుని ఉంటుంది, చెమటను కొంత తట్టుకుంటుంది. పౌడరు పాపిట దగ్గర జుట్టు పలచబడి ఉంటే అదీ కప్పుతుంది. లిప్‌స్టిక్ లాంటి స్టిక్కులు ఏసీ ఆఫీసుకు బాగుంటాయి గానీ మన మే నెలకు పనికిరావు. మైనం మెత్తబడి నుదుటికి దిగుతుంది. రంగు జెల్ మైనాలు చేతికి, దువ్వెనకు, గోడకు అన్నిటికీ అంటుతాయి, వాటిని మరిచిపోండి. కాంపాక్ట్ దొరక్కపోతే మెరుపు లేని ముదురు గోధుమ ఐషాడో, ఒక చిన్న బ్రష్ చాలు. పాపిటకు అచ్చంగా అదే పని చేస్తుంది, ధర తక్కువ. కంటి మస్కారాతో కూడా నాలుగైదు వెంట్రుకలు కప్పుకోవచ్చు, అత్యవసరానికి.

స్ప్రే గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ‘తొందరగా అయిపోతుంది’ అని అందరూ అదే కొంటారు. 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం నుంచి, ఒక్కో క్షణం మాత్రమే కొడుతూ, నుదుటికి అట్టముక్క అడ్డం పెట్టుకుని కొడితే బాగానే పడుతుంది. కానీ దాని పొగ ముక్కులోకి వెళ్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్ళకు అసలు వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, అది మండే వాయువు. పెళ్ళింట్లో దీపం వెలగని గది ఉండదు. మీరు ఆడపడుచు, గృహప్రవేశం రోజు గుమ్మం దగ్గర హారతిపళ్ళెం పట్టుకుని కొత్త దంపతుల చేత పేర్లు చెప్పించేది మీరే. ఆ పనికి పది నిమిషాల ముందు తలమీద స్ప్రే కొట్టుకోవడం నాకు ఎంతమాత్రం నచ్చని విషయం. జుట్టు నిలబడటానికి కొట్టే మామూలు హెయిర్ స్ప్రేకూ ఇదే వర్తిస్తుంది. కొడితే దీపాలకు దూరంగా, కిటికీ తెరిచి, పూర్తిగా ఆరాకే బయటికి రండి.

వేసుకునే తీరు ఇప్పుడు చెబుతాను. ముందురోజు సాయంత్రమో ఆ ఉదయమో తలస్నానం చేయండి. కండిషనర్ చివర్లకే, కుదుళ్ళకు కాదు. ఆ తర్వాత నూనె, సీరం ఏదీ వద్దు. సీరంలోని సిలికోన్ మీద రంగు నిలవదు, జారిపోతుంది. జుట్టు పూర్తిగా ఆరాలి. తడి మిగిలి ఉంటే రంగు ముద్దకడుతుంది. తెల్ల వెంట్రుకలు చాలామందికి మిగతావాటికన్నా మొరటుగా ఉండి పైకి లేస్తాయి, వాటిని కాస్త జెల్‌తో అణచి ఆరనివ్వండి. తర్వాత జడ వేయించుకోండి. పౌడరు, బొట్టు, కాటుక అన్నీ కానివ్వండి. చీరకు ముందు మాత్రం ఈ రంగు పని ముగించాలి. భుజాల మీద పాత తువ్వాలు, ముందు గుండీలున్న పాత జాకెట్టో నైటీయో ఉండాలి. తల మీదుగా విప్పే బట్ట వేసుకుంటే పడిన శ్రమంతా దానికి అంటుకుపోతుంది.

మస్కారా బ్రష్‌ను సీసా అంచుకు ఒత్తి, అదనపు రంగు తీసేయండి. నూటికి తొంభైమంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. బ్రష్ నిండా రంగుతో మొదలుపెడతారు, మొదట తాకిన చోట ముద్దపడుతుంది. కణత దగ్గర వెంట్రుకల పాయను వేలితో కొంచెం ఎత్తి, ముందు అడుగు వైపు, తర్వాత పై వైపు, కుదురు నుంచి చివరికి రాయాలి. చర్మానికి తగలకుండా ఒక గింజంత ఎడం ఉంచండి. అయిదు నిమిషాలు చేయి పెట్టకండి. ఆరాక పాత టూత్‌బ్రష్‌తోనో, సన్న పళ్ళ దువ్వెనతోనో ఒక్కసారి దువ్వితే అతుక్కున్న వెంట్రుకలు విడివడతాయి, గట్టిదనం పోతుంది. చాలదనిపిస్తే అప్పుడే రెండో పూత.

పాపిట దగ్గర స్పాంజితో రుద్దకూడదు, అద్దాలి. ఇక్కడ మనవాళ్ళకు మాత్రమే ఉండే చిక్కు ఒకటుంది. వీడియోల్లో పాపిట గీత మొత్తం పౌడరుతో నింపేస్తారు. మీరు పాపిట్లో కుంకుమ పెట్టుకుంటారు. నల్ల పౌడరు మీద కుంకుమ పడితే రెండూ కలిసి మట్టి రంగవుతుంది. అందుకని గీతను వదిలేసి, దానికి ఇరువైపులా ఉన్న వెంట్రుకల మీదే అద్దండి. గీతలో పడిన పొడిని ఇయర్ బడ్‌తో తుడిచి, చిట్టచివర కుంకుమ పెట్టుకోండి. పాపిటబిళ్ళ పెట్టుకుంటారంటే పని ఇంకా తేలిక, సగం తెల్లదనం దాని గొలుసు కిందే దాగుతుంది.

ఆఖరిది పూలు. పూల దుకాణంవాళ్ళు మల్లెలు వాడకుండా నీళ్ళు చల్లి, తడిగుడ్డలో చుట్టి ఇస్తారు. అలాగే తలలో పెట్టుకుంటే ఆ నీళ్ళే మెడ మీదికి నల్లగా కారతాయి, మీరేమో చెమటను తిట్టుకుంటారు. మాలను బాగా దులిపి, పొడిగుడ్డ మీద కాసేపు పరిచి, జడ వెనక వైపే పెట్టించుకోండి.

చెమట విషయానికి వస్తే, తల తడిసిపోయేంత చెమటను తట్టుకునే తాత్కాలిక రంగు ఇంతవరకు నా చేతికి రాలేదు, పెట్టె మీద ఏం రాసినా సరే. మామూలు చెమటకు మాత్రం ఆరిన మస్కారా బాగానే నిలుస్తుంది. చేయకూడనిదల్లా తుడవడం. రుమాలుతో నుదుటిని పైకి తుడిస్తే రంగు రుమాలుకు వస్తుంది. టిష్యూ కాగితాన్ని నుదుటికి ఆనించి తీసేయండి. కుదిరితే కణతలకు వేసుకునే ముందు టేబుల్ ఫ్యాను కింద పది నిమిషాలు కూర్చుని, చెమట ఆరాక మొదలుపెట్టండి. అక్షతల్లో నెయ్యి కలుపుతారు కాబట్టి అవి పడిన చోట కొంచెం రంగు వదలవచ్చు. అవి ప్రధానంగా వధూవరుల తలల మీద పడేవి, మీకు అంత ఇబ్బంది ఉండదు. చేతిసంచిలో మస్కారా, చిన్న అద్దం, టిష్యూలు పెట్టుకోండి. సాయంత్రానికి ఒక చిన్న దిద్దుబాటు చాలు.

పొరపాటున పట్టుచీర మీద పడితే నీళ్ళు పెట్టి రుద్దకండి, మరక లోపలికి దిగుతుంది. పౌడరైతే పొడిగా ఉండగానే మెత్తని బ్రష్‌తో దులిపేయండి. మైనం మరకైతే పైన టాల్కం పౌడరు చల్లి ఒక రాత్రి ఉంచి, దులిపి, డ్రైక్లీనింగ్‌కు ఇస్తూ మరక దేనిదో చెప్పండి.

రాత్రి ఎంత అలసిపోయినా ఆ రంగుతో పడుకోవద్దు. దిండు సంగతి అలా ఉంచండి, ఆ పొర మీద చెమట, దుమ్ము చేరి తల దురద పెడుతుంది. ఒకసారి దెబ్బతిన్న మీ తలచర్మానికి అది అసలే మంచిది కాదు. మైనం ఉన్న రంగుకు నేరుగా షాంపూ పెడితే సగమే పోతుంది. రంగు వేసిన చోట్ల కొంచెం కొబ్బరినూనెనో కండిషనరునో రాసి, పది నిమిషాలు ఆగి, దువ్వి, తర్వాత షాంపూ పెట్టండి. పౌడరుకు షాంపూ ఒక్కటే చాలు. తుడుచుకోవడానికి ముదురు రంగు తువ్వాలు వాడండి. నుదుటి మీద చార మిగిలితే సబ్బుతో తోమకుండా నూనెలో ముంచిన దూదితో తుడిస్తే పోతుంది. ప్రతిరాత్రీ తలంతా తడిపే ఓపిక లేకపోతే ముందు భాగం మాత్రం వాష్‌బేసిన్ దగ్గర కడుక్కుని, జడ అలాగే ఉంచుకోవచ్చు.

మూడు రోజులూ ఒకేసారికి సరిపోయేది లేదా అని మీరు తప్పకుండా అడుగుతారు. సెమీ-పర్మనెంట్ రంగులని ఉన్నాయి. వాటికి పెరాక్సైడు అక్కరలేదు, కొన్ని తలస్నానాల దాకా ఉంటాయి, క్రమంగా వెలుస్తాయి. తెల్లదనాన్ని పూర్తిగా కప్పవు, ఛాయ మారుస్తాయంతే. పీపీడీ పడనివాళ్ళలో కొందరికి వీటిలోని రంగులు కూడా పడవు. అందుకని మీ డాక్టరును అడగకుండా వాటి జోలికి వెళ్ళవద్దనే నా మాట. గోరింటాకు పెట్టి కడిగి, ఆపైన నీలి ఆకు పొడి పట్టించే పద్ధతి పీపీడీ లేకుండా నలుపు ఇస్తుంది, నాకు ఎంతో ఇష్టమైన పద్ధతి కూడా. కానీ అది తాత్కాలికం కాదు, చేయి తిరగాలి, రెండు దఫాలుగా గంటలు పడుతుంది, అసలు రంగు తేలడానికి ఒకటి రెండు రోజులు కావాలి. పొడి కల్తీ లేనిదని నమ్మకం ఉండాలి. పెళ్ళి హడావిడిలో మొదటిసారి ప్రయత్నించే పని కాదు. పెళ్ళయ్యాక నిదానంగా చూసుకోవచ్చు.

వంటింటి చిట్కాల్లో కాఫీ, టీ డికాషన్ తెల్ల వెంట్రుకకు కొంచెం గోధుమ ఛాయ ఇస్తాయి, దగ్గరికొచ్చి చూస్తే తప్ప తెలియనంత. దానికోసం గంటసేపు తల తడుపుకుని కూర్చోవడం దండగ. ఆముదం కాటుకను కణతలకు రాసుకునే అలవాటు మన పెద్దవాళ్ళలో ఉండేది. నూనె ఉంటుంది కాబట్టి అది ఆరదు, రాసుకున్నదంతా చీరచెంగుకే. గుంటగలగరాకు నూనె, కరివేపాకు నూనె తలకు రాసుకోవాలనుంటే రాసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ కుదురులో రంగు తయారుకాకుండా తెల్లగా బయటికి వచ్చిన వెంట్రుకకు ఏ నూనే మళ్ళీ నలుపు ఎక్కించలేదు. పెళ్ళి రోజు మాత్రం ఏ నూనే వద్దు.

పెళ్ళికి వారం ముందు ఒక సాయంత్రం మొత్తం తతంగం ఒకసారి చేసి చూడండి. వేసుకుని, ఫ్యాను లేకుండా వంటింట్లో గంటసేపు పని చేసి, ఎండ వెలుతురులో ఫోనుతో ఫొటో తీయించుకోండి. అద్దం కన్నా ఫొటోయే నిజం చెబుతుంది. కడిగాక తెల్ల వెంట్రుకల్లో ఛాయ ఏమైనా మిగిలిందో చూడండి. ఎండిపోయి గరుకుగా ఉన్న తెల్ల వెంట్రుకలు కొన్ని రంగులను పట్టుకుని మరో రెండు స్నానాల దాకా వదలవు.

నాన్నగారి సంగతి. ఆయనకు డై పడుతుందా లేదా మీరు రాయలేదు. పడినా సరే, పై పెదవి మీద, ముక్కు కిందే ఉండే మీసానికి శాశ్వత డై వేయడం నాకు నచ్చదు. చర్మానికి తగలకుండా వేయడం అక్కడ దాదాపు అసాధ్యం. ఇంట్లో ఆయనకోసం డై తెచ్చినా అది మీ చేతులతో కలపకండి, మీరు వాడే దువ్వెన వాడనివ్వకండి, పిల్లలకు అందకుండా పైన పెట్టండి. పొరపాటున మింగితే ప్రాణాంతకం. మీసానికీ మీ మస్కారా లాంటిదే వాడవచ్చు, బ్రష్ మాత్రం ఆయనకు వేరేది కొనండి. పూర్తి నలుపు చేయవద్దు. తల నెరిసి మీసం ఒక్కటే నల్లగా ఉంటే నాటకంలో వేషంలా ఉంటుంది. అక్కడక్కడా రాసి, నెరుపు కొంత కనిపించనివ్వండి. రాసి ఆరాక ఆయనకు చెప్పవలసింది ఒకటే, పెళ్ళి భోజనంలో పాయసం గ్లాసు ఎత్తి తాగకుండా చెంచాతో తినమని. పప్పుచారు దగ్గర మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. చేయి కడుక్కున్నాక మూతి కండువాతో రుద్దకుండా టిష్యూతో అద్దుకోమనండి. తెల్ల కండువా అయితే మరీ ముఖ్యం.